శనివారం నీళ్లు

నదుల మీద పరిశోధన చేసే హెప్సిబాకు ఈత రాదు. మోకాలి లోతు దాటితే కళ్లు తిరుగుతాయి. అందుకని బీచుపల్లిలో స్నానాల ఘాటు చివరి మెట్టు మీద కూర్చుని, చెయ్యి అందినంత మేర సీసా ముంచి, దాని మీద ‘కృష్ణా నది’ అని చీటీ రాసి అంటించేది. ఎంత ధైర్యం!

పోవడమైనా సొంతంగా పోయిందా? గద్వాల చీరలు నేసే ఇంటి పిల్ల, స్నేహితురాలు మమతకు ప్రతి శనివారం అక్కడి ఆంజనేయుడి దర్శనం మొక్కు. మమతకు స్కూటీ ఉంది, హెప్సిబాకు లేదు. ఇంకేముంది, శాస్త్రం కూడా శనివారమే నడిచింది.

ఆ నీళ్లలో భాస్వరం ఎంతుందో కొలిచి, నదిలో రోజూ పారే నీటి లెక్కతో కలిపి ఇస్తే, సీసా ముంచని రోజుల సంగతి కూడా కంప్యూటర్ మోడల్ అంచనా కట్టి చెబుతుంది. చెప్పింది. హెప్సిబా ఆ అంకెను రెండుసార్లు చదివింది. ఇంత భాస్వరమా! ఎక్కడిది? ఇంకెక్కడిది, వరి మళ్లలో వేసే డీఏపీ ఎరువుదే అని తనే తీర్పు ఇచ్చేసింది.

ఆ మాట నాయిన ఏసేపుకు చెప్పింది. సగం జీవితం ఊరూరా కాలువలు తవ్విన మనిషి, ఇప్పుడు ఉన్న కాస్త మడిలో వరి వేస్తున్నాడు. బిడ్డ మాట విని ఈసారి డీఏపీ మానేశాడు. అంతటితో ఊరుకున్నాడా! చర్చిలో సాక్ష్యం చెప్పే వేళ లేచాడు.

“కిష్ణల ఎంత మందు కొట్టుకపోతుందో నా బిడ్డ లెక్క తీసింది. నేను బంద్ వెట్టిన. మీరు గూడ బంద్ వెట్టుండ్రి.”

అందరూ స్తోత్రం అన్నారు. కాలువ నీళ్లు ఆలస్యమై ఇంకా నాటు వేయని వెంకటమ్మ అందరికన్నా గట్టిగా అంది.

నెల తిరక్కముందే మమతకు జ్వరం వచ్చింది. హెప్సిబా బుధవారం బస్సెక్కి పోయింది. ఘాటు మీద పిట్ట లేదు. ఆ నీళ్లలో భాస్వరం ఉందా లేదా అన్నట్టుంది. మిషన్ పాడైందంది, పరీక్షకు వాడే మందు పాతదంది, సీసాను తిట్టింది. తనను తప్ప అన్నిటినీ అనుమానించి, చివరికి మమతకు ఫోన్ చేసింది.

“శనివారం అందరు ఆడనే బట్టలు పిండుతరు గదనే!” అని నవ్వింది మమత. “నేను గూడ నీ పక్కన్నే చున్నీ పిండిన.”

నిజమే. “జర పక్కకు జరుగమ్మా” అని, బట్టల పొడి నురగను చేత్తో తోసి మరీ సీసా ముంచిన మహాతల్లి ఎవరు? తనే. ఆ నురగలోని భాస్వరాన్ని మోడల్ కృష్ణ మొత్తానికి పరిచేసింది. పాపం, పెట్టింది తిన్నది.

ఇంటికి పోయి చూస్తే నాయిన మడిలో వరి పిలకలు పెట్టక గిడసబారి ఉంది. ఏడుపు ఆగలేదు. గట్టు మీదే కూలబడి అంతా చెప్పింది. ఏసేపు ఒంగి ఒక మొక్కను వేళ్లతో తడిమి చూశాడు.

“నా పంట సరే బిడ్డా. ఎంకటమ్మ సోమవారం నాటేస్తది. నా మాట వట్టుకొని మందు తెచ్చుకోలె.”

“ఆదివారం నేనే చెప్త నాయినా. నువ్వు రాకు.”

“నేనెందుకు రాను?”

ఆదివారం సాక్ష్యాల వేళ హెప్సిబా లేచింది.

“నేను పట్టింది ఏటి నీళ్లు గాదు, బట్టలు పిండిన నీళ్లు. మా నాయినకు తప్పు చెప్పింది నేనే. డీఏపీ ఆపకుండ్రి.”

ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు. ఏసేపు మెల్లగా లేచాడు.

“నమ్మకుంటె నా మడి జూసి రాండ్రి” అని ముందు తనే నవ్వాడు. అప్పుడు అందరూ నవ్వారు. “గానీ నా బిడ్డ మళ్ల లెక్క తీస్తది. ఈపారి నడి ఏట్ల నీళ్లు వడ్తది. పుట్టి నేను నడుపుత.”

గుండ్రటి బుట్ట లాంటి ఆ పుట్టిలో ఏటి నడుమకు పోవాలనే మాటకే హెప్సిబాకు కళ్లు తిరిగాయి. పక్కనున్న బల్లను గట్టిగా పట్టుకుంది.

“బుధవారం పోదాం నాయినా” అంది.