రాజుగారి పదిహేనేళ్లు

వీధిలో అందరూ ఆమెను కాజాలక్క అంటారు. దుకాణం నుంచి చొక్కాల మూట వస్తే కిటికీ పక్కన కూర్చుని కాజాలు కుట్టి, గుండీలు వేసి పంపుతుంది. అదే దుకాణంలో ఆమె భర్త కటింగ్ మాస్టరు. గుడ్డ మీద ఆయన సుద్దగీత పడితే మళ్లీ కొలవక్కర్లేదనేవారు.

ఆమెకో అలవాటు. బైబిల్లో ఏ వాగ్దానమైనా తన కోసమే అనిపిస్తే ఆ పేజీలో ఒక దారప్పోగు పెట్టేది. అది నెరవేరిన రోజు పోగుకు ముడి వేసేది. కూతురి జ్వరం తగ్గినప్పుడొక ముడి, అద్దెకు ఇల్లు దొరికినప్పుడొక ముడి. చూపు పోయిన అత్తగారికి పొద్దున్నే ఆ పుస్తకం చదివి వినిపించాకే సూది పట్టేది.

మాస్టరుకు కాలేయం చెడింది. ఒక మధ్యాహ్నం ఆసుపత్రి మంచం మీద ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏం చేయాలో తోచక ఆమె ఒళ్లో పుస్తకం తెరిచింది. చావుబతుకుల్లో ఉన్న ఒక రాజు గోడవైపు తిరిగి ఏడ్చిన కథ వచ్చింది. దేవుడు ఆ కన్నీళ్లు చూసి పదిహేనేళ్ల ఆయుష్షు కలిపాడట. ఇది మా కోసమే అనుకుంది. సంచిలోంచి తెల్లపోగు తీసి అక్కడే పెట్టింది. ఇంటికెళ్లి అత్తగారికీ అదే చదివి వినిపించింది.

"పదిహేనేళ్లు ఇచ్చాడండీ మీకు," అని మర్నాడు భర్తతో అంది.

"అప్పటికి నాకు పళ్లుండవే."

"మెత్తగా వండి పెడతాలెండి."

ఆ తర్వాత ఆయన, "ఒక మాట చెప్పాలి, విను. నేను లేకపోతే..." అని మూడుసార్లు మొదలుపెట్టాడు. మూడుసార్లూ, "అవిశ్వాసపు మాటలొద్దు" అని ఆమె నోరు మూయించింది. మూడోసారి ఆయన నవ్వి ఊరుకున్నాడు. పోగు పెట్టిన తొమ్మిదో రోజు పొద్దున, నర్సు దుప్పటి మారుస్తుండగా పోయాడు. చెప్పాలనుకున్న మాట ఆయనతోనే పోయింది.

వచ్చినవాళ్లంతా దేవుడి చిత్తం అన్నారు. ఆమె తలూపింది. మనిషి మాట తప్పితే గుమ్మంలో నిలబెట్టి కడిగేయొచ్చు. ఈ దేవుణ్ని ఎక్కడ నిలబెట్టి అడగాలి? పుస్తకం బీరువాలో బట్టల కింద తోసేసింది. ఇక ఆ గొంతు వినదలచుకోలేదు.

నెల దాటాక ఒక పొద్దున అత్తగారు మంచం మీద నుంచి పిలిచింది. "అమ్మాయ్, ఇక చదవవా?"

"చదివితే ఏం ఒరిగింది అత్తయ్యా? మాటిచ్చి తప్పాడు."

"ఎవరికిచ్చాడే?"

"మీ అబ్బాయికి. పదిహేనేళ్లు."

ముసలామె మంచం మీద లేచి కూర్చుంది. "అది ఆ రాజుకి చెప్పింది కదే. అందులో మనింటి పేరు నాకైతే వినబడలేదు."

కాజాలో సూది ఆగిపోయింది. "తెలిసీ నాతో అనలేదా?"

"కడుపున పుట్టినవాడే. ఆ మాట మనదైతే బాగుండునని నేనూ నోరు మూసుకున్నా."

"అయితే మీరూ మోసం చేశారు! ఒక్క మాట అనుంటే ఆయన చెప్పేది వినుండేదాన్ని!" చొక్కా విసిరికొట్టి, ఆయన పోయాక మొదటిసారి గట్టిగా ఏడ్చింది.

"తిట్టు. నన్నూ తిట్టు, దేవుణ్నీ తిట్టు. విడిచిపెట్టనని మాత్రం రాజుకొక్కడికే కాదే, అందరికీ చెప్పాడు. తిట్టినా ఎక్కడికీ పోడు."

"నాకు పక్కన ఎవరూ కనబడటం లేదు."

"నాకు అసలేమీ కనబడదు కదే. అయినా నిన్ను పిలవట్లా?"

కాజాలక్క ముక్కు తుడుచుకుని లేచింది. బట్టలన్నీ కింద పడేసి పుస్తకం బయటికి లాగింది. వాగ్దానాల జోలికి పోలేదు. ఎన్నాళ్లు మరచిపోతావు, ఎన్నాళ్లు మొహం చాటేస్తావు అని దేవుణ్నే నిలదీసే కీర్తన ఒకటి ఉంది. ఇన్నేళ్లూ దాటేసిన ఆ పేజీ తీసి, పక్కింటికి వినబడేలా చదివింది. చివరి వరసలు నమ్మకం గురించి. అక్కడికొచ్చి పేజీ మీద వేలు పెట్టి ఆగింది.

"ఇది నా వల్ల కాదు అత్తయ్యా."

"నాకు కంఠతా వచ్చులే. అక్కడ నేను చెప్తా."

ముసలామె మొదలుపెట్టింది. సగంలో కొడుకు గుర్తొచ్చాడో ఏమో, ఒక మాట దగ్గర తడబడి ఆగింది. కాజాలక్క పేజీలోకి చూసి ఆ మాట అందించింది, కోపంగానే.