గోనెపట్టా అవతల కెమెరా

1998 ఫిబ్రవరి, ఒక శనివారం సాయంత్రం. పుంగనూరు దగ్గరి పల్లెలో గంగులమ్మ పశువుల పాక. ఉన్నవారు: గంగులమ్మ, నొప్పులు పడుతున్న ఆమె పొట్టి ఆవు, పశువైద్యుడిగా నేను, డాక్యుమెంటరీలు తీసే దంపతులు జయంతి, పీటర్.

జయంతిది కుప్పం, పీటర్‌ది నార్వే. ఆయన కెమెరాతో తీస్తాడు, ఆమె మైకు పట్టుకుని మాట్లాడిస్తుంది. మదనపల్లె లాడ్జిలో దిగి పుంగనూరు ఆవుల మీద సినిమా తీస్తున్నారు. ఆవు ఈనే దృశ్యం ఒక్కటే మిగిలింది. మరునాడే ప్రయాణం.

గంగులమ్మ పాక వాకిట గోనెపట్టా కట్టేసింది. పోయిన ఈతలో దూడ చచ్చి పుట్టింది. చూడవచ్చిన చుట్టాల దిష్టేనని ఆమె నమ్మకం.

“నువ్వు రా, డాక్టరప్పా. ఆ కెమెరా మాత్రం వద్దు. మనిషి కన్నుకే నా దూడ పోయింది. ఇంక అద్దం కన్ను గూడానా?”

పీటర్ ఇంగ్లీషులో భార్యతో వాదించాడు, ఇంత దూరం వచ్చింది దీనికోసమే కదా అని. “ఆమె ఆవు, ఆమె ఇష్టం” అంది జయంతి. ఆయన ముఖం ముడుచుకునే కెమెరాకు మూత పెట్టాడు.

చెయ్యి పెట్టి చూశాను. పోస్టీరియర్ ప్రెజెంటేషన్, అంటే దూడ వెనక్కాళ్లతో వస్తోంది. ఇలాంటప్పుడు నడుము బయటపడ్డాక ఆలస్యమైతే దూడకు ఊపిరాడదు. కాళ్లకు తాడు బిగించాను. నా ఒక్కడి బలం చాలలేదు.

గంగులమ్మ పట్టా పక్కకు లాగింది. “యాల నిలబడుకోనుండావు, దొరప్పా? ఆ పెట్టె ఆడ పెట్టి ఈడికి రా!”

“మరి ఆయన కన్ను, అక్కా?” అంది జయంతి.

“మూసుకోని లాగమను!”

జయంతి ఆ మాట చెప్పగానే పీటర్ నిజంగానే కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నేను చెప్పినప్పుడల్లా ఆమె ఆయన భుజం తట్టింది, ఆయన లాగాడు. దూడ గడ్డి మీద పడింది. ముక్కు తుడిచి, పక్కలు రుద్దాను. కాసేపటికి తుమ్మింది. గంగులమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది.

ఆ తరువాత సర్వీసంతా, ఏ పాకకు వెళ్లినా లోపలికి ఎవరు రావచ్చో ముందు యజమానినే అడిగాను. జయంతి దగ్గర నేర్చుకున్న మర్యాద అది. ఆమెకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

దూడ పుట్టిన మరునాడు పొద్దున ఆ ఇద్దరూ సెలవు తీసుకోవడానికి వచ్చారు. గంగులమ్మ దూడ నుదుట కాటుక బొట్టు పెట్టి ఎండలోకి తెచ్చింది. “ఇప్పుడు తెరిచి సూడప్పా” అంది.

పీటర్ కెమెరా పక్కన పెట్టి దూడ ముందు కూర్చుండిపోయాడు. చివరికి జయంతే కెమెరా అందుకుంది.