మా నాలాకు నేను తెప్పించిన వరద

పట్టపగలు, చినుకైనా పడకుండా, ఒక వీధి జనాన్నంతా డాబాలెక్కించిన ఘనత మీలో ఎవరికైనా ఉందా? నాకుంది. నవ్వుకోండి, ఫరవాలేదు. ఆ పూట మాత్రం నాకు నవ్వు రాలేదు.

అప్పుడే భీమవరం నుంచి వచ్చి, ఖైరతాబాద్‌లో ఒక కంట్రోల్ రూములో చేరాను. నగరంలోని నాలాల మీద, అంటే వాననీళ్ళు పోయే పెద్ద కాలువల మీద, సెన్సర్లు బిగించారు. అవి కిందికి శబ్దం పంపి, అది తిరిగి రావడానికి పట్టే సమయాన్ని బట్టి నీళ్ళెంత ఎత్తున ఉన్నాయో చెబుతాయి. స్క్రీన్ మీద ఒక్కో సెన్సరూ ఒక్కో చుక్క. చుక్క పచ్చగా ఉందా, ఎర్రబడిందా చూడటమే నా ఉద్యోగం. అసలు సెన్సర్ ఎలా ఉంటుందో నేను చూసిన పాపాన పోలేదు.

ఆ మధ్యాహ్నం ఒక చుక్క భగ్గున ఎర్రబడింది. మధురానగర్ నాలా. మా ఇంటి వెనక నాలా! నీళ్ళు అంచుకు జానెడు కింద ఉన్నాయి. పైగా అంకెలు పైకీ కిందికీ ఊగుతున్నాయి.

"శ్రీనన్నా, నాలాలో అలలు లేస్తున్నాయి!" అని అరిచాను.

మా సూపర్‌వైజర్ శ్రీనన్న అన్నం తింటూ తలెత్తాడు. "అలలా? గది నాలానా, సముద్రమా? జర ఆగు, వాన సుత లేదు గదా."

ఆగితే నేనెందుకవుతాను? కింద వాటాలో ఉండే మా ఇంటి ఓనరు సలోమీ ఆంటీ, నేను అమ్మమ్మగారని పిలిచే, నడవలేని ఆవిడ అత్తగారు కళ్ళ ముందు కదిలారు. ఫోన్ చేశాను.

"ఆంటీ, నాలా నీళ్ళొచ్చేస్తున్నాయి!"

"నల్లా నీళ్ళా? మన వంతు రేపు కదమ్మా. ఉండు, బిందెలు పెడతా."

"నల్లా కాదాంటీ, నాలా! వరద! అమ్మమ్మగారిని తీసుకుని డాబా ఎక్కండి!"

బిందె దొర్లిన చప్పుడు. "ప్రభువా!" అని ఒక కేక. ఫోన్ కట్. మళ్ళీ చేస్తే ఎవరూ ఎత్తలేదు. మునిగిపోయారు, ఇంకేముంది! బ్యాగ్ అనుకుని శ్రీనన్న అన్నం డబ్బా పట్టుకుని పరిగెత్తి ఆటో ఎక్కాను.

"త్వరగా పోనీ భాయ్, మధురానగర్ మునిగిపోతోంది!"

పంజాగుట్ట సిగ్నల్ దగ్గర అతను అద్దంలోంచి నన్ను జాలిగా చూశాడు. "గిప్పుడే ఆడికెల్లి వచ్చిన మేడం. ఆడ దుమ్ము లేస్తుంది."

నేను నమ్మలేదు. స్క్రీన్ అబద్ధమాడుతుందా, ఆటో భాయ్ ఆడతాడు గానీ!

ఆంటీ కేకలు విని వీధంతా పైకెక్కినట్టుంది, డాబాలన్నీ కిటకిట. హాస్టల్ అమ్మాయిలు అమీర్‌పేట కోచింగ్ పుస్తకాలు నెత్తిన పెట్టుకున్నారు. ఎదురింటి రావుగారు మిక్సీని చంటిబిడ్డలా చంకనెత్తుకున్నారు. అమ్మమ్మగారిని ప్లాస్టిక్ కుర్చీతో సహా పైకి చేర్చారు. ఆంటీ గొంతెత్తి ప్రార్థన చేస్తున్నారు. కింద, పొడి నేల మీద, ఒక కుక్క హాయిగా నిద్రపోతోంది.

ఇంటి వెనక్కి పరిగెత్తాను. నాలా అడుగున గ్లాసు కడిగినన్ని నీళ్ళు. ప్రహరీ పక్కనుంచి నాలా మీదికి ఒక ఇనుప కమ్మీ, దాని చివర ఒక తెల్ల డబ్బా. సరిగ్గా ఆ డబ్బా కింద గాలికి ఊగుతూ గులాబీ పూల దుప్పటి.

నా దుప్పటి!

పొద్దున ఉతికాక, డాబా మీద తాళ్ళు ఖాళీ లేక ఆ కమ్మీ మీద నేనే ఆరేశాను. ఎవరో పుణ్యాత్ములు బట్టల కోసమే వేయించారనుకున్నాను. గాలికి అది జరిగి జరిగి ఆ తెల్ల డబ్బా, అదే సెన్సర్, కిందికి చేరింది. శబ్దం దుప్పటికి తగిలి తిరిగొస్తే, సెన్సర్ దాన్నే నీళ్ళనుకుంది. తాడును చూసి పాము అనుకునేవాళ్ళుంటారు. దుప్పటిని చూసి వరద అనుకున్నది నేనొక్కదాన్నే.

లాగేశాను. వెంటనే శ్రీనన్న ఫోన్. "పచ్చగైంది తల్లీ! నీళ్ళు ఒక్క దెబ్బకు దిగినయ్! ఏం జేసినవ్?"

"మడతపెట్టానన్నా," అన్నాను.

పైనుంచి ఆంటీ కేక. "నీళ్ళు తగ్గాయా అమ్మా?"

"తగ్గాయి ఆంటీ," అన్నాను, దుప్పటిని వీపు వెనక దాచి.

డాబాలన్నీ చప్పట్లతో మోగిపోయాయి. "ప్రార్థనకు జవాబొచ్చింది! ఆదివారం చర్చిలో నువ్వే సాక్ష్యం చెప్పాలి!" అన్నారు ఆంటీ.

ఏదో వంక పెట్టి ఆ ఆదివారం తప్పించుకున్నాను. సాక్ష్యం ఇదిగో, ఇప్పుడు మీ అందరి ముందూ చెబుతున్నాను, ప్రమాణంతో సహా: ఈ జన్మలో నా దుప్పటి నేను ఉతకను.