తిట్టకపోతే తినని పెద్ద వియ్యపురాలు

మా అక్క కూతురి పెండ్లి తిరుత్తణిలో ఒక కల్యాణ మండపంలో జరిగింది. కేరళ డోళ్ళ చెండమేళం పిలిపించారు. ఆ మోతకు కొండమీది ఆరుముఖాల స్వామి పన్నెండు చెవులూ మూసుకున్నాడనీ, పన్నెండు చేతులూ దానికే సరిపోవడంతో వేలాయుధాన్ని కాసేపు గోడకు ఆనించాడనీ నా అనుమానం. తిరువళ్ళూరులో రైలెక్కేటప్పుడే నాకు ఆ మోత వినిపించింది. నేను కాస్త పెంచి చెబుతానని గిట్టనివాళ్ళు అంటారు. గిట్టేవాళ్ళు కూడా అంటారు.

పెండ్లికూతురి మేనమామను కదా, ఏదో ఘనమైన బాధ్యత అప్పగిస్తారనుకుని పట్టుపంచె కట్టుకుని పోయాను. బావ నన్ను స్తంభం చాటుకు లాక్కుపోయి అప్పగించిన పని ఒక్కటే: మా మేనత్త నోరు మూసి ఉంచడం.

మా మేనత్త మా సొంతూరు కే.జీ.కండిగైలో ఉంటుంది. మావాళ్ళు రాయలకాలంలో ఈ నేలకు వచ్చారని చెప్పుకుంటాం. ఆనాటి నుంచి ఈనాటికి పొలం కాగితాలు తమిళమయ్యాయి, బడి తమిళమయింది, మా పిల్లలకు కలలు కూడా తమిళంలోనే వస్తాయి. ఇన్ని మారినా పెండ్లి బంతిలో వియ్యాలవారిని తిట్టే పాట మాత్రం తెలుగులోనే నిలిచింది. మగపెండ్లివారు ఆకు ముందు కూర్చోగానే ఆడపెండ్లివారి ఆడవాళ్ళు వాళ్ళ ముక్కునీ, నడకనీ, ఆకలినీ పాటకట్టి ఏకిపెడతారు. వాళ్ళు తింటూనే బదులు పాడతారు. ఒకప్పుడు ఊరంతా పాడేది. ఇప్పుడు ఆ పాటలన్నీ మా అత్త గొంతులో మాత్రమే కాపురముంటున్నాయి.

"బామ్మర్దీ, వాళ్ళు తామరైపాక్కంలో పెద్ద రైతులు. పిల్లోడు కంపెనీలో ఉద్యోగం. డీసెంటు మనుషులు. మీ అత్త నోరు తెరిచి గరిటె మింగినావు, గంగాళం మింగినావు అని పాడిందంటే సంబంధం ఈడనే తెగిపోతాది" అన్నాడు బావ.

నేను తిరుత్తణి బజారులో ఉన్న తమలపాకులన్నీ కొనుక్కొచ్చి అత్త ఒళ్ళో పోశాను.

"ఏమిరా, నా నోటికి కావలి పెట్టినారంట?"

"అట్లాంటిదేమీ లేదత్తా. ఆకు మంచిదని తెచ్చినాను."

"మేకను కూడా ఆకు చూపించే తీసుకపోతారురా" అంది. అన్నా, కాదనకుండా నమలసాగింది. నమిలేటప్పుడు పాడటం కుదరదు కదా అని నేను పులిని బోనులో పెట్టినవాడిలా మీసం దువ్వుకున్నాను.

మధ్యాహ్నం బంతి వేశారు. మావాళ్ళు ఒంగి ఒంగి "వాంగ, ఉక్కారుంగ" అని తమిళంలో రమ్మని, కూర్చోమని అంటుంటే ఏదో ఆఫీసు ప్రారంభోత్సవంలా ఉంది. బంతి మొదట్లో పెండ్లికొడుకు అవ్వ కూర్చుంది. ముక్కుకు పెట్టిన బేసరి ఎంత పెద్దదంటే, దాని వెనక ముక్కు ఉన్నట్టు మేం నమ్మాల్సిందే తప్ప చూడలేకపోయాం. వాళ్ళ వరసలో పెద్దదిక్కు ఆమే. ఆమె ఆకులో చెయ్యి పెట్టనిదే తక్కినవాళ్ళు మెతుకు ముట్టరాదు.

ఆమె చేతులు కట్టుకుంది.

వడ చల్లబడింది. అప్పళం మెత్తబడి ఆకుమీద పడుకుంది. సాంబారు మీద మీగడ కట్టి, దుప్పటి పరుచుకుని కునుకు తీయడానికి వీలుగా తయారైంది. బంతి మొత్తం ఆమెకేసే చూస్తోంది. ఆమె మాత్రం తిరిగే ఫ్యానుకేసి చూస్తోంది.

మా అక్క ముఖం పాలిపోయింది. రేపటినుంచి బిడ్డ ఉండాల్సింది ఆ ఇంట్లో. పెద్దావిడ ఆకు ముందునుంచి అలిగి లేచిపోతే ఆ మాట బిడ్డ వెంటే నడుస్తుంది.

"అవ్వా, ఉప్పు తక్కువైందా?" అని అడిగింది అక్క.

"తిననిదే ఉప్పు యెట్ల తెలుస్తాది?"

"పాయసం తెప్పించేదా?"

"వద్దు."

పక్కనున్న ఆమె కొడుకు, అంటే పెండ్లికొడుకు తండ్రి, వంగి, "అమ్మా, సాప్పిడుమా, తినమ్మా, అందరూ చూస్తా ఉండారు" అన్నాడు.

"నువ్వు సుమ్మా ఉండు" అని కసిరి నోరు మూయించింది.

బావ చేతులు జోడించి ఎండకు క్షమాపణ చెప్పాడు, ఉక్కకు చెప్పాడు, చెండమేళానికి చెప్పాడు. ఇంకేం దొరక్క, "మా వల్ల ఏం తప్పు జరిగిందో మీరే సెలవీండమ్మా" అన్నాడు.

అప్పుడు పేలింది పెద్దావిడ.

"ఇంకా యేం జరగల్ల? కూర్చుని ఇంతసేపాయ. ఒక్కరన్నా ఒక్క మాట తిట్టినారా నన్ను? నా పెండ్లిలో మా అత్త నడకను పాడినారు. ఆ పాటను ఆమె పోయేదాకా చెప్పుకోని మురిసిపొయ్యింది. నా కొడుకు పెండ్లిలో నా ముక్కును పాడినారు. ఇప్పుడు మనవడి పెండ్లికి పెట్టెలో ఉండే బేసరి తీసి పెట్టుకోనొచ్చినాను. యెందుకనుకున్నారు? పాట కట్టను మీకు తావు దొరకాలనే కదా! వాంగ వాంగ అని దారిన పొయ్యేవాళ్ళను గూడా అంటారు. నేను దారిన పొయ్యేదాన్నా?"

బావ నోరు తెరుచుకుంది. ఆ నోట్లోంచి తిరువళ్ళూరు లోకల్ రైలు నెమ్మదిగా పోయి రావచ్చు.

"బామ్మర్దీ, యాడ మీ అత్త?"

పరుగెత్తాను. అత్త బుగ్గలు రెండూ తమలపాకుతో బూరెల్లా ఉన్నాయి. నేను పెట్టిన తాళమే అది.

"అత్తా, ఉమ్మెయ్! పాడల్ల!"

ఆమె తీరిగ్గా పెరట్లోకి పోయి ఉమ్మి, పుక్కిలించి, కొంగు దోపుకుని వచ్చింది. పెద్దావిడ ఎదురుగా నిలబడి బేసరిని ఆ చివరినుంచి ఈ చివరిదాకా పరికించింది. పాడింది:

"వంకదాటి వచ్చింది పెద్ద వియ్యపురాలు
ముక్కుమీద బండిచక్రం పెట్టుకొచ్చింది
ఒక్క వడ చాలునని కూర్చుందమ్మా
వడ్డించే గరిటెగూడ మింగేసిందమ్మా!"

పెద్దావిడ ముఖం దీపంలా వెలిగింది. వెంటనే చెయ్యి ఆకులో పడింది, నోట్లోంచి పాట బయటపడింది:

"పీటవేసి పిలిచినారు కండిగవాళ్ళు
పిడికెడు నెయ్యి దాచినారు కండిగవాళ్ళు
వంకాయ కూరలో వంకాయ యాడమ్మా
వెతకను పోయినోడు తిరిగి రాలేదమ్మా!"

మండపం ఘొల్లుమంది. వంటాయన గరిటెతో బయటికొచ్చి, తనను తిట్టారని తెలిసి, గర్వంగా మీసం తిప్పి లోపలికి పోయాడు. తెలుగు అక్షరం ముక్క రాని పిల్లలందరూ ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ఆ పోటీలో మా బావ బొజ్జ, వాళ్ళ అల్లుడి నత్తనడక, ఇరువైపులా పిసినారితనం, ఏదీ మిగల్లేదు. చల్లారిన సాంబారును ఎవరూ తప్పుపట్టలేదు. మా అక్క ఒక మూల నిలబడి నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటోంది.

మర్యాద ఎవరికైనా చేయవచ్చు. తిట్టడానికి మాత్రం బంధువు కావాలి. ఆ పాట పోతే మాకు పోయేది పాట ఒక్కటే కాదు, పరాయివాళ్ళను మనవాళ్ళను చేసుకునే దగ్గరి దారి కూడా. ఇది నాకు ఆ బంతిలో తెలిసింది.

దాని వెనకే ఒక స్వార్థపు భయం కూడా పుట్టింది. నాకు పెండ్లీడుకొచ్చిన కొడుకున్నాడు. రేపు వియ్యంకుడి హోదాలో నేనూ ఆకు ముందు కూర్చుంటాను. తిరువళ్ళూరు స్టేషను దీపాలు ఆరిపోతే బదులు వెలిగించదగ్గ ఈ బట్టతలను ఇన్నేళ్ళు కష్టపడి సంపాదించుకున్నాను. అప్పటికి పాటలు తెలిసినవాళ్ళు లేకపోతే ఇదంతా వృథాయేనా?

అప్పగింతల తర్వాత పెద్దావిడ మా అత్త చెయ్యి పట్టుకుని, "సీమంతానికి మా ఊరికి వస్తావు కదా, అప్పుడు చెప్తా నీ పని" అని బెదిరించి కారెక్కింది. కారు కదిలేముందు నేను కిటికీలోంచి పెండ్లికూతురితో నా భయం చెప్పుకున్నాను. "అమ్మాయీ, సెలవులకు వచ్చినప్పుడు మా అత్త దగ్గర ఆ పాటలు నేర్చుకో. నా కొడుక్కి ఏ ఇంటి పిల్ల వస్తుందో, ఆ ఇంటివాళ్ళకు నేర్పాల్సిన దానివి నువ్వే."

పెండ్లికూతురు ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వింది.

"మన కండిగ అవ్వ అప్పుడే మొదలుపెట్టింది మామా. పొద్దున నాకు జడేసేటప్పుడు ఒకటి నేర్పించింది."

"ఏదీ, పాడు!"

"ఇప్పుడొద్దు మామా" అంది, నా తలకేసి ఒకసారి చూసి. "అది నీ మిందనే."