అక్క తోటకు బిగించిన పంపులు

మామ పోయారన్న కబురు నాకు గుమ్మఘట్ట దగ్గర ఒక రైతు చేలో, నా బోరు లారీ పక్కన నిలబడి ఉండగా వచ్చింది. ఇంజన్ మోతలో నా భార్య ఏం చెప్పిందో మొదట వినపడలేదు. దూరంగా గట్టు మీదికి పోయి మళ్ళీ ఫోన్ చేశాను. "నాయన పోయినాడు. బండి ఆపి వచ్చెయ్" అంది. ఆపడానికి లేదు. రాడ్లు బాగా లోతులో ఉన్నాయి. మధ్యలో గాలి కొట్టడం ఆపితే రాతిపొడి కిందికి దిగి, రాడ్ల కొసన రాయి కొట్టే హ్యామర్‌ను పట్టేస్తుంది. ఇక ఆ బోరూ దక్కదు, రాడ్లూ దక్కవు. ఈ సంగతి నాకు నేర్పింది మామే. రాడ్లన్నీ పైకి వచ్చేదాకా ఆ మోత పక్కనే నిలబడ్డాను. ఏడుపు కూడా సరిగా రాలేదు. మా పనిలో ఏదైనా అంతే, తీరిక దొరికినప్పుడే.

మామ అంటే నాకు పిల్లనిచ్చిన మామ. కల్యాణదుర్గంలో రోడ్డు పక్కన రేకుల షెడ్డులో డీజిల్ బండ్లు బాగుచేసేవారు. ఊళ్ళో మెకానిక్కులకు కొదవ లేదు కానీ, బోరు లారీల వాళ్ళు మాత్రం ఆయన్నే వెతుక్కుంటూ వచ్చేవారు. మా వైపు నీళ్ళు లోతుకు పోయేకొద్దీ లారీలకు పెద్ద ఇంజన్లు ఎక్కించుకుంటూ పోయాం. ఇంజన్ పెద్దదైతే చాలదు, దానికి తగ్గట్టు డీజిల్ కూడా అందాలి. బండితో వచ్చిన పంపు మామూలు రోడ్డు మీద సరిపోతుంది. బోరు లోతుకు పోయి బరువు పడేసరికి చేతులెత్తేస్తుంది. ఇంజన్ దగ్గి దగ్గి ఆగిపోతుంది. అప్పుడు ఇంజన్ బయట, లారీ ఛాసిస్‌కు, డీజిల్ తోసే కరెంటు పంపులు విడిగా బిగించాలి. ఆ పనిలో మామది తిరిగిన చెయ్యి.

అట్లాగని పుట్టుకతో వచ్చిన విద్యేం కాదు. మొదటిసారి పంపును పైన, ఇంజన్ పక్కన బిగించారట. దుమ్ము పడదు, రాయి తగలదు, చెయ్యి అందుతుంది అనుకున్నారు. వెనకటికి బావి గట్టు మీద ఆయిల్ ఇంజన్ పెట్టిన అలవాటు. ఆ పంపు గాలి పీల్చి పీల్చి కాలిపోయింది. ఆ కథ ఆయనే నవ్వుతూ చెప్పేవారు. "ఇప్పుడు బోరు మోటారు యాడ పెడతాండారప్పా? కింద, నీళ్ళలో. దీనికీ తోసే దమ్ము ఉంటాది గానీ పీల్చే దమ్ము ఉండదు" అనేవారు. అప్పటినుంచీ ట్యాంకు అడుగుకంటే కిందికే బిగించేవారు.

ఆయన దగ్గర పని త్వరగా అయ్యేది కాదు. ముందు ట్యాంకు దించాలి, అందులో డీజిలంతా వంచాలి, మళ్ళీ కొంచెం డీజిల్ పోసి ఊపి ఊపి కడగాలి. తుప్పు పొట్టు రాలడం ఆగేదాకా పంపు అట్టపెట్టెలోంచి బయటికి వచ్చేది కాదు. బండి ఓనర్లు విసుక్కునేవారు. "తొందరుంటే బస్సుకు పో" అని తన పని తాను చేసుకునేవారు. ఇంజన్ ఆగిపోయిందని ఎవరైనా బండిని తిడితే మాత్రం ఊరుకునేవారు కాదు. "దానికి పొగరు గాదప్పా, ఆకలి" అనేవారు.

కంబదూరు వైపు మామ వాళ్ళ అక్కకు చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉండేది. చిన్నప్పుడే తల్లి పోతే మామను పెంచింది ఈ అక్కే. నాకు పెద్దమ్మ వరస. ఒక ఎండాకాలం ఆమె బోరు ఎండిపోయింది. చెట్ల నిండా కాయలున్నాయి, ఆకులు ముడుచుకుంటున్నాయి. నీళ్ళు పడితే తోట ఉంటుంది, లేకపోతే పోతుంది. నా లారీని మామే వెంటబెట్టుకుని పోయారు. బోరు సగంలోనే ఇంజన్ దగ్గడం మొదలుపెట్టింది. అది పూర్తిగా ఆగకముందే రాడ్లు పైకి తీయించి, పంపులు తెప్పించి, ఆ తోటలోనే లారీ కిందికి దూరారు.

పెద్దమ్మ పక్కనే కూర్చుంది. "ఇంగా ఎంతసేపురా?" అంది.

"నువ్వు గొణగకుంటే జల్దీ అయిపోతాదక్కా."

రెండు పంపులు పక్కపక్కన పెట్టారు. ఒకటి ఎప్పుడూ తిరిగేది, ఇంకొకటి లోతుకు పోయాక స్విచ్ వేస్తే తోడు వచ్చేది. అదురు తగలకుండా కింద రబ్బరు ముక్కలు వేశారు. ముందర ఫిల్టర్, లావు పైపు. అంత తొందరలోనూ ట్యాంకు కడగడం మానలేదు. అంతా అయ్యాక పైపు మీద అరచెయ్యి పెట్టి, "పారతాండాది" అన్నారు. పెద్దమ్మ కూడా చెయ్యి పెట్టి చూసింది.

ఆ తర్వాత ఇంజన్ ఒక్కసారి కూడా దగ్గలేదు. వెయ్యి అడుగులు దాటింది. మనిషికి మనిషి కనపడనంత తెల్లటి పొడి లేచింది, తడి లేదు. అందరం ఆ పొడినే చూస్తున్నాం. మామ అక్కను చూస్తున్నారు.

"చాలక్కా. ఆపుదాం."

"బండి పోతాండాది కదరా! ఎందుకు ఆపేది?"

"బండి పోతాది. ఈ పంపులుంటే ఇంగా పోతాది. నీళ్ళు లేవు, ఊరికే నీ దుడ్లు పోతాయి."

"నీకెట్ల తెల్సు? కిందికి దిగి చూసొచ్చినావా?"

ఇన్నేళ్ళుగా బోర్లు వేస్తున్న నాకూ కింద ఏముందో తెలీదు. మామ నా వైపు తిరిగి, రాడ్లు ఎత్తమని చెయ్యి ఊపారు. ఎత్తాను. చివరి రాడ్డు బయటికి వచ్చాక ఆయనే క్యాబిన్ ఎక్కి పంపుల స్విచ్చులు కట్టేశారు. పెద్దమ్మ లేచి ఇంట్లోకి పోయింది.

తోట ఎండిపోయింది. కొట్టించి కట్టెలకు పంపేశారు. ఇంటి పక్కన ఒక్క వరస మాత్రం ప్రాణంతో మిగిలింది. పెద్దమ్మ తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. తమ్మునితో మాట్లాడడం మానేసింది, అంతే. పెళ్ళిళ్ళలో కూడా ఈయన ఉన్న వైపు వచ్చేది కాదు. మామ అంతకుముందూ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆ తర్వాత ఇంకా తగ్గారు. ఒకసారి షెడ్డులో నాతో అన్నారు: "ఆ పొద్దు బండి ఆగిపోయింటే బాగుండునప్పా. బండి మీద నెపం పోయేది. నేను బాగా బిగించినాను, అదే తప్పయింది." ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఈ పని మీదే విరక్తి పుడుతుంది. బండికి బలం పెంచుకుంటూ పోయాం, నీళ్ళు ఇంకా కిందికి పోతూనే ఉన్నాయి.

ఆయన మాత్రం ఆ వరస చెట్లను వదల్లేదు. పాత ట్రాక్టర్ ట్యాంకర్ ఒకటి పెట్టుకుని, వీలైనప్పుడల్లా పొద్దున్నే నీళ్ళు తోలేవారు. పెద్దమ్మ బయటికి వచ్చేది కాదు. కానీ ఆయన పైపు చుట్టేసరికి ప్రహరీ గోడ మీద టీ గ్లాసు ఉండేది. తాగి, గ్లాసు కడిగి, బోర్లించి వచ్చేవారు. ఎన్నేళ్ళైనా అదే తంతు.

"ఏమన్నా మాట్లాడిందా మామా?" అని అడిగేవాణ్ణి.

"టీ పెట్టింది కదా. చక్కెర గూడా ఎయ్యలేదు" అనేవారు. ఆయనకు షుగరుందని గుర్తుపెట్టుకుందని ఆయన సంబరం.

ఆయన పోయిన రోజు పెద్దమ్మ వచ్చింది. తలవైపు కూర్చుని, చాలాసేపు ఆయన జుట్టు సవరించింది. గట్టిగా ఏడవలేదు. నన్ను దగ్గరికి పిలిచి ఒక్కటే అడిగింది: "ఆ పొద్దు ఇంగా పోయింటే నీళ్ళు పడుండునా?"

"తెలీదు పెద్దమ్మా" అన్నాను. అబద్ధం చెప్పి ఆమెను ఊరడించే ఓపిక నాకు లేదు.

"వానికీ తెలీదు పాపం" అంది.

కర్మ అయిపోయాక ట్యాంకర్ నేను తీసుకుపోయాను. చెట్లకు నీళ్ళు వదిలి, పైపు చుట్టి వెనక్కి తిరిగేసరికి గోడ మీద గ్లాసు ఉంది. పొగలు వస్తున్నాయి. చెయ్యి చాపాను.

"అది నీకు గాదప్పా" అంది పెద్దమ్మ, గడపలోంచి. "ఉండు, నీకు చక్కెరేసి తెస్తా."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆమె ఇంకో గ్లాసు తెచ్చి ఇచ్చి, గోడకు ఆనుకుని నిలబడింది. నా టీ అయిపోయేసరికి గోడ మీది టీ చల్లారి, పైన మీగడ కట్టింది.