బ్యాండు పోటీలో నేను కొట్టేసిన ఏడు మార్కులు

1961 జనవరి 26, గురువారం. హాజరైనవారు: తాసిల్దారు గారు, హైస్కూలు డ్రిల్లు మాస్టారు, మార్కుల కాగితంతో నేను, మంచిర్యాల బ్యాండు, పద్నాలుగు మంది, జగిత్యాల బ్యాండు, పదకొండు మంది, మా ఊరి మగ్గాలవాళ్ల బ్యాండు, పన్నెండు మంది, మా బాపు, దారికి రెండు పక్కలా ఊరు.

ఆ రోజు డైరీ ఇలా మొదలవుతుంది. పేర్లు కూడా రాసుకున్నాను. ఆ మనుషుల్లో చాలామంది ఇప్పుడు లేరు, వాళ్ల పిల్లలు మాత్రం ఊళ్లోనే ఉన్నారు కనుక పేర్లు ఇక్కడ ఎత్తను.

అప్పుడు నేను తాలూకా ఆఫీసులో గుమాస్తాను. ఊళ్లో పెళ్లిళ్లకు, ఊరేగింపులకు వాయించే బ్యాండ్లకు పోటీ పెట్టాలన్న ఆలోచన తాసిల్దారు గారిది. నియమాలు రాసిన చెయ్యి నాది. మంచిర్యాల గోదావరి అవతల, వేరే జిల్లా అయినా రావచ్చన్నది ఒక నియమం. బస్టాండు నుంచి మగ్గాల వాడ, ఆ తర్వాత బజారు మీదుగా హైస్కూలు మైదానం దాకా ఆగకుండా వాయిస్తూ నడవాలన్నది ఇంకొకటి. స్వరానికి, అడుగుకు, వరుసకు వేరువేరుగా మార్కులు. నడుమ వాద్యం ఆగితే అయిదు తగ్గించాలి. పాటలో ఏ ముక్కయినా తప్పిపోతే రెండు. కాగితం మీద గీతలు స్కేలుతో గీశాను. చూసుకుంటే నాకే ముచ్చటేసింది.

గెలిచిన బ్యాండును ఆగస్టు పదిహేనున కరీంనగర్ పరేడుకు పిలుస్తారని చాటింపు వేయించాం. ఆ మాట వినగానే మగ్గాల వాడలో కదలిక వచ్చింది. మా బ్యాండు పెద్దను ఊరంతా మామ అనే పిలిచేది. యాభై దాటినవాడు. వయసులో సోలాపురం మిల్లులో పని చేస్తూ అక్కడి మిల్లు బ్యాండులో క్లారినెట్ నేర్చుకున్నాడు. తిరిగొచ్చి నేతపనివాళ్లను పోగుచేసి బ్యాండు కట్టాడు. మొదట్లో ఒకసారి కరీంనగర్‌లో పెళ్లి ఊరేగింపుకు పోతే, గుంట మగ్గంలో కూసుండి కాళ్లాడించేటోళ్లకు అడుగేం పడుతది అని ఎవరో నవ్వారట. పదేళ్లయినా ఆ మాట ఆయన మరచిపోలేదు. పై పళ్లు రెండు అప్పటికే కదులుతున్నాయి. అవి ఊడితే క్లారినెట్ పట్టే పని ఉండదు. ఈ ఏడు కరీంనగర్ పోకపోతే ఇక పోయేది లేదని ఆయనకూ తెలుసు, వాడకూ తెలుసు. నెల రోజులు తెల్లవారుజామున లేచి, మగ్గం ఎక్కేలోపు సాధన చేశారు. మగ్గం తొక్కే లెక్కతోనే అందరికీ అడుగు నేర్పాడని చెప్పుకునేవాళ్లు.

పోటీ రోజు డ్రిల్లు మాస్టారు బజారులో, తాసిల్దారు గారు మైదానంలో, నేను మగ్గాల వాడ దాటిన మూల మీద చేనేత సొసైటీ మెట్ల పైన నిలబడ్డాం. అక్కడి నుంచి వాడ కనపడదు. బ్యాండు మూల తిరిగాకే కనపడుతుంది. అంతదాకా చెవులే ఆధారం. చేతిలో గడియారం, మోచేతి మీద అట్ట, అట్ట మీద కాగితం.

మంచిర్యాల బ్యాండు ముందొచ్చింది. గట్టిగా, నిండుగా వాయించారు. పెద్ద డ్రమ్ము దెబ్బకు సొసైటీ తలుపులు అదిరాయి. జగిత్యాలవాళ్లు తొందరపడ్డారు. ఆఖరున మావాళ్లు. దూరం నుంచే క్లారినెట్ తెలిసిపోయింది. ఆ పాట వాడలోకి వచ్చింది, సగం దాకా వచ్చింది, ఉన్నట్టుండి ఆగిపోయింది.

నేను గడియారం చూశాను. డ్రమ్ములు కూడా లేవు. చెప్పుల చప్పుడు, బూట్ల చప్పుడు మాత్రం ఒక్క తీరుగా వస్తోంది. అడుగులు లెక్కపెట్టాను. నలభై రెండు. నలభై మూడో అడుగుకు పన్నెండు మందీ ఒక్కసారి అందుకున్నారు. అయితే ఆపిన చోటు నుంచి కాదు, పాటలో చాలా ముందుకు పోయి. ఆగినందుకు అయిదు, ముక్క తప్పినందుకు రెండు, అని రాసుకున్నాను. మూల తిరిగి నా ముందుకు వచ్చినప్పుడు మామ ముఖం వైపు చూడలేదు. ఆయన కూడా నా వైపు చూడలేదు.

మంచిర్యాల గెలిచింది. మావాళ్లు మూడు మార్కులు తక్కువై రెండో స్థానంలో నిలిచారు. మైదానంలో నా కాగితం చదివి వినిపించారు, తగ్గింపులతో సహా. మామ చేతులు కట్టుకుని విన్నాడు.

సాయంత్రం ఇంట్లో బాపు కాళ్లు కడుక్కుని కూర్చుని, తనలో తాను ఆ పాట కూనిరాగం తీస్తున్నాడు. బాపు ఆ పొద్దంతా మగ్గాల వాడలోనే నిలబడి చూశాడు. బ్యాండు ఎందుకాగిందో ఆయన చెప్తేనే నాకు తెలిసింది. నేతవాళ్లకు నూలు కండెలు చుట్టే ముసలామె ఒకతె ఆ తెల్లవారుజామున చనిపోయింది. జగిత్యాల నుంచి బిడ్డ రావాలని శవాన్ని ఇంట్లోనే ఉంచారు. గడప ముందు కుండలో నిప్పు ఉంది. శవమున్న ఇంటి ముందు బ్యాండు మోగించకపోవడం మా దిక్కు పద్ధతి. పెళ్లికొడుకు గుర్రమ్మీద ఉన్నా ఆ ఇల్లు దాటేదాకా వాద్యం ఆపుతారు. బయటి ఊళ్ల నుంచి వచ్చిన రెండు బ్యాండ్లకు ఆ సంగతి తెలియదు, చెప్పినవాళ్లు లేరు. వాళ్ల తప్పు లేదు. ఊరంతటికీ తెలిసిన చావు నాకు తెలియకపోవడమే వింత. పొద్దటి నుంచి ఆఫీసులో కూర్చుని కాగితాలకు గీతలు గీస్తున్నాను మరి.

"ఆపిండ్రు సరే బాపూ, నడుమ ఒక ముక్క ఎగ్గొట్టిండ్రు గదా" అన్నాను.

"ఎగ్గొట్టలే. లోపల వాయించుకున్నరు" అన్నాడు బాపు. "నేను గూడ లోపలనే విన్న. సప్పుడు లేకున్నా పాట యాడిదాకొచ్చిందో నాకు ఎర్కే. సరిగ్గ గాడ్నే అందుకున్నరు. నువ్వు ఇనలేదా?"

"నేను అడుగులు లెక్కపెడుతున్న."

"ఎన్ని?"

"నలభై రెండు."

"మంచిగ లెక్కపెట్టినవ్ బిడ్డా."

ఆ మాటలో వెక్కిరింత ఉందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. బాపు ఎవరు గెలిచారని అడగలేదు. మంచిర్యాల డ్రమ్ము గురించి కొంచెం, జగిత్యాల బాకా పట్టిన మనిషి బుగ్గల గురించి కొంచెం చెప్పి, మళ్లీ పాటలో పడ్డాడు. మూడు బ్యాండ్లూ ఆయనకు నచ్చాయి. నేను మూడింటినీ ఆయనకంటే దగ్గర నుంచి చూశాను. ఆ రాత్రి డైరీలో మార్కులన్నీ రాయగలిగాను. ఏ పాట ఎలా ఉందో ఒక్క వాక్యం రాయబోతే రాలేదు. మార్కులు వేసేవాడు వినలేడని అప్పుడు అనుకున్నాను. తర్వాత్తర్వాత అది కూడా పూర్తి నిజం కాదనిపించింది. డ్రిల్లు మాస్టారు మార్కులు వేస్తూనే విన్నాడు. ఏం వినాలో ఆయనకు ముందే తెలుసు. నాకు తెలియదు. అందుకే లెక్కను గట్టిగా పట్టుకున్నాను.

మరునాడు, శుక్రవారం, పొద్దున్నే తాసిల్దారు గారికి అర్జీ రాసుకుని మామ ఇంటికి పోయాను. ఏడు మార్కులు తగ్గించడం నా పొరపాటు, వాటిని తిరిగి కలపాలని అందులో రాశాను. కలిపితే మావాళ్లే మొదటి స్థానం. మామ భార్య గుమ్మంలోనే నన్ను చూసి, "జడ్జి సాబ్ వచ్చిండు, లేచి నిలవడు" అని లోపలికి కేకేసింది. మామ మగ్గం గుంటలో నుంచి లేవలేదు. అర్జీ చదివి వినిపించమన్నాడు. విన్నాక మగ్గంలో పోగు నడిపే నాడెను పక్కన పెట్టాడు.

"అయిదు ఉండనీ" అన్నాడు. "ఆగినం, ఆగింది నిజం. ఆగినోనికి మార్కులిస్తవనుకో, వచ్చే ఏడు బ్యాండోళ్లందరు ఒక్కో ఇంటి ముంగట దుఃఖపడుకుంట నిలవడ్తరు."

"మరి కరీంనగర్, మామా?"

"పోవాలనే ఉండె. రాత్రి కూడు పోలే." నవ్వడానికి చూశాడు, పళ్లు అడ్డం వచ్చినట్టు మూతి మూసుకున్నాడు. "గని గా ముసలామె చుట్టిన కండెలు నా మగ్గం మీన్నే ఉన్నయి. ఆమె ఇంటి ముంగట ఆగినందుకు నాకు ఇనామా?"

ఇక వచ్చేద్దామని లేచాను. ఆయన అర్జీ మీద వేలు పెట్టాడు.

"రెండు ఎందుకు కొట్టినవ్? ముక్క తప్పింది అని మైదానంల పదిమందిల సదివిచ్చినవ్. మేం తప్పలే. పన్నెండు మంది నోరు మూసుకోని ఒక్క తీరు వాయించుకున్నం. ఆ రెండు మాకు ఇయ్యాలె."

"ఇచ్చినా రెండో స్థానమే ఉంటది మామా."

"ఉండనీ. గని మాకు అడుగు తెల్వదు, పాట తెల్వదు అని కాగితం మీద ఉండొద్దు."

అక్కడే అర్జీ తిరగరాసి ఆఫీసుకు పోయాను. ఫలితం మారనప్పుడు ఈ రెండు మార్కులు ఎవరికని తాసిల్దారు గారు అడిగారు. నేను బాపు చెప్పిన మాట చెప్పాను. డ్రిల్లు మాస్టారికి కబురు పంపి అడిగారు. ఆయన, నిజమే, బజారులో తాను ఉన్న చోటికి వచ్చేసరికి పాట ఉండాల్సిన చోటే ఉందని చెప్పి పంపాడు. తాసిల్దారు గారు పాత అంకె కొట్టేసి పక్కన సంతకం పెట్టారు.

పదకొండు గంటలకు నకలు పట్టుకుని మగ్గాల వాడకు పోయాను. మామ అందరినీ పిలిపించి చదవమన్నాడు. చదివాను. ఇత్తడి జాంజ్ తాళాలు కొట్టే అతను వేళ్ల మీద లెక్క చూసుకుని, "అంటే ఒక్కటే తక్కువ పడ్డది. ఆ ఒక్కటి ఎవలు పోగొట్టిండ్రు?" అన్నాడు.

బజారు మలుపులో చెప్పు ఊడి వరుస తప్పింది నువ్వే గదా అని చిన్న డ్రమ్ము అతను అన్నాడు. చెప్పు కాదు, ముందు నడిచేటోడు మడిమె తొక్కిండని ఇతను. మడిమె తొక్కలేదని ఇంకొకరు. మామ గుంటలో కూర్చుని ఎవరినీ ఆపకుండా వింటున్నాడు. నేను ఆఫీసుకు తిరిగి వచ్చేటప్పటికి వాడలో ఇంకా ఒక్క మగ్గం కూడా మొదలు కాలేదు.