అంచు కాగితం

పెనాంగ్‌లో మా కుట్టుకొట్టులో కిటికీ పక్క మిషను సియూ గైక్‌ది. ఎవరైనా మాట జారితే మరిచే మనిషి కాదు.

వాళ్ళ నాన్న తపాలా గుమస్తాగా చేసి పోయాడు. ఆయన దాచిన స్టాంపుల షీటొకటి అమ్మడానికి గైక్, నేనూ స్టాంపుల వ్యాపారి తియోంగ్ బీ కొట్టుకు వెళ్ళాం.

"చుట్టూ ఈ చెత్త కాగితమేంటమ్మాయ్? చింపే పని మళ్ళీ నాకే," అని అతను ధర తగ్గించి కొన్నాడు.

వారం తిరక్కుండా అదే షీటు అంచులతో సహా అతని గాజుపెట్టెలో కనిపించింది. ఎవరికో చూపిస్తున్నాడు: "మార్జిన్ చెక్కుచెదరలేదు. మూలన అచ్చు ప్లేటు నంబరు. అసలు గిరాకీ దీనికే."

"నాతో చెత్త అన్నారే?" అంది గైక్.

"ప్రతి వ్యాపారానికీ ఓ భాష ఉంటుంది. నీకు రాకపోతే నా తప్పా?"

కొనేవాడు కిసుక్కున నవ్వాడు. గైక్ ముఖం కందిపోయింది.

ఆ భాష పట్టుబట్టి నేర్చుకుంది. తర్వాత నాన్న పాత పుస్తకాల మధ్య ఆ స్టాంపులదే, అంచు ఊడని షీటు మూలముక్క ఒకటి దొరికింది. ఆ షీటు అమ్మేసిన తియోంగ్ బీ ఇప్పుడు స్టాంపుల ప్రదర్శనకు అంచులున్న నాలుగు మూలలూ కూర్చుతున్నాడనీ, అతనికి లేనిది ఇదొక్కటేననీ విన్నది. తన దగ్గరుందని బజార్లో తనే చెప్పించింది.

అతను పెసరపప్పు బిస్కెట్ల పొట్లంతో మా కుట్టుకొట్టుకు వచ్చాడు. "మీరు ఎంతంటే అంత, గైక్ గారూ."

"ముందు పేర్లు చెప్పండి. ఈ అంచునేమంటారు?"

"మార్జిన్."

"షీటులో రెండు భాగాల మధ్య ఖాళీ పట్టీని?"

"గట్టర్."

"మరి చెత్త అని దేన్నంటారు?"

మేమంతా మిషన్లు ఆపేశాం.

గైక్ చిల్లుల వెంబడి అంచును నిదానంగా చింపింది. "అయ్యో, వద్దు," అంటూ అతను లేచాడు. ఆమె అంచు వెనక జిగురు నాలుకతో తడిపి, కుట్టి ఉంచిన ఓ రవికె పొట్లానికి అంటించేసింది. విడి స్టాంపులు అతని చేతిలో పెట్టింది.

"ఊరికే తీసుకోండి. చింపే పని మీకు లేకుండా చేశాను."

అతను వెళ్ళాక, "నాన్న ముక్క కదే, ప్రాణం ఉసూరుమనలేదూ?" అన్నాను.

"ఉసూరుమంది. అయినా సరే," అంది.

ప్రదర్శన రోజు కొత్త కెబాయా వేసుకుని వెళ్ళింది. అతని చట్రంలో మూడు మూలలే ఉన్నాయి. ఖాళీగా ఉన్న నాలుగో చోటు ముందు నిలబడి, కాళ్ళు నొప్పెట్టేదాకా చూసింది.